నలభై ఒకటి తర్వాత నలభై నాలుగు

2023 జూన్ పద్నాలుగో తేదీ, బుధవారం. మృగశిర కార్తె వచ్చి వారమైనా విజయవాడలో చినుకు లేదు. ఉదయం ఏడింటికే భవానీపురంలో పిట్టగోడల మీద కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. కృష్ణ మీద నుంచి రావలసిన గాలి ఎక్కడో ఆగిపోయింది. నిన్న నలభై మూడు డిగ్రీలని పేపర్లో వేశారు. ఎండల విషయంలో పేపరువాళ్లు ఒకటి తగ్గించే వేస్తారని అచ్యుతరామారావుగారి అనుమానం. ముప్పయ్యొక్క ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి, ఎవరు అంకె చెప్పినా ఒకసారి సరిచూసుకుంటే గానీ ఊరుకోరు. ఆ అలవాటు అంకెలకే తప్ప మనుషులకు పనికిరాలేదన్నదే ఈ కథ.

ఆ వేళకు వాళ్లింట్లో రోజూ జరిగేది ఒకటే. మూడో అంతస్తు బాల్కనీలో ఆయన కాఫీ తాగుతారు. భార్య జ్ఞానప్రసూనాంబ ఎదురు కుర్చీలో గోరుచిక్కుళ్లు తుంచుతూ, ఒళ్లో పెట్టుకున్న ఎర్రట్ట పుస్తకం పైకి చదువుతుంది.

"'మంగళవారం. సిమెంటు షేర్లు నూటయాభై అమ్మాను. కారణం: భయమేసింది.' నిన్న ఇదేనా మీరు రాసింది?"

"నష్టాన్ని పరిమితం చేయడానికి అని రాశాను."

"అలాగా. ఇక్కడ భయమేసిందని ఉంది."

"వినిపించిందిలే."

"దాని పైది వినండి. 'శుక్రవారం. మందుల కంపెనీ షేర్లు కొన్నాను. కారణం: లిఫ్టులో కింది ఫ్లాటు డాక్టరుగారు కొన్నానని గొప్పలు పోయాడు.'" ప్రసూనాంబ నవ్వు ఆపుకోలేక చిక్కుడుకాయ కింద పడేసింది. "దీనికి మీరేం రాశారో?"

"ధర రెండువందల రోజుల సగటు దాటిందని."

"దాటిందా?"

"దాటింది. కానీ కొన్నది అందుకు కాదు కాబోలు," అని ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

ఈ పుస్తకం సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాగూర్ బైండింగ్ షాపు వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో ఉంది. ఆ బజారు హోల్‌సేల్ షాపులకు తండ్రి కాలం నుంచీ చిట్టా పుస్తకాలు కుట్టి ఇచ్చేది వాళ్లే. ఎర్ర గుడ్డ అట్ట, మూలలకు రెక్సిన్, పేజీ పేజీకీ నంబరు కొట్టే చిన్న మిషను. నాగూర్ కుట్టిన పుస్తకంలో అబద్ధం రాస్తే తెల్లవారేసరికి నిలవదు. అదే చేతిరాతలో, అదే సిరాతో, ఆ చోట నిజం ఉంటుంది. దీన్ని గురించి బజార్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. కొన్ని పెన్నులు కక్కుతాయి, కొన్ని కాగితాలు సిరా పీలుస్తాయి, నాగూర్ పుస్తకాలు దిద్దుతాయి. సరుకు తెలుసుకుని కొనుక్కోవాలి, అంతే. పెళ్లి సంబంధాలు చూసే ఒకాయన తెలియక ఒకటి కొనుక్కుపోయి, వారం తిరక్కుండా తెచ్చి బల్ల మీద పడేసి, "అబ్బాయిల వయసు దానంతటదే పెరిగిపోతోందయ్యా, జీతం తరిగిపోతోంది," అని డబ్బు వెనక్కి అడిగాడట. వాడిన పుస్తకం తీసుకోనని నాగూర్ ఖండితంగా చెప్పాడు.

రామారావుగారు మాత్రం తెలిసే కొన్నారు. 2016 ఉగాదికి, నాలుగువందల పేజీలది. షేర్లు కొనేవాడు ప్రతి కొనుగోలుకీ, ప్రతి అమ్మకానికీ కారణం రాసుకోవాలనీ, వారానికోసారి వెనక్కి చదువుకుంటే తన తప్పు తనకే తెలుస్తుందనీ ఆయన ఎక్కడో చదివారు. తనకు తాను అబద్ధం చెప్పుకోకుండా ఉంటే ఇంకా మేలు కదా అనుకున్నారు. అనుకోవడం తేలిక. ఏడేళ్లపాటు ప్రతి ఉదయం, భార్య గొంతులో, తన భయాలూ ఆశలూ అసూయలూ వినడం వేరు. ఈ మధ్య ఆయనకు ఆ పుస్తకం అంటే కొంచెం కోపంగానే ఉంది.

తొమ్మిది అవుతుండగా అనంతకృష్ణ వచ్చాడు. ప్రసూనాంబ తమ్ముడు. అక్కకూ అతనికీ పదేళ్ల తేడా. తల్లి పోయినప్పుడు అతనికి నాలుగేళ్లు. తలంటు పోసిందీ, బడికి దింపిందీ, పెళ్లయి వచ్చేటప్పుడు వెంటబెట్టుకు వచ్చిందీ ఆవిడే. రామారావుగారి దగ్గరే లెక్కలు చదువుకుని బ్యాంకులో చేరాడు, ముందుగా రిటైరయ్యాడు. రోజూ మార్కెట్ తెరిచే తొమ్మిదింబావుకు ముందే స్కూటరు మీద వచ్చి, బావగారి పక్కన కూర్చుంటాడు. చేతిలో పునుగుల పొట్లం ఉంటుంది.

"అక్కా, చట్నీ వేరే కట్టించాను, నువ్వు అల్లం తినవుగా. బావగారూ, ఇంకా ఆ ఎర్రట్టేనా? కుర్రాళ్లు చూడండి, జర్నల్ సాఫ్ట్‌వేర్లు పెట్టుకుంటున్నారు. గెలిచినవెన్ని, ఓడినవెన్ని, వారంలో ఏ రోజు ఏ గంటకి మనకి బుద్ధి పనిచేయదో, అన్నీ రంగుల్లో చూపిస్తుంది."

"ఈ పుస్తకమూ చూపిస్తుంది కదోయ్."

"ఇది చూపించదు బావగారూ, తిడుతుంది."

రామారావుగారికి ఆ మాట నచ్చింది. నచ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. కూతురు శాంభవికి మంగళగిరిలో చేనేత చీరల కొట్టుంది. పన్నెండేళ్లుగా అద్దె గదిలోనే నడుపుతోంది. ఆ గది ఓనరు అమ్మేస్తానన్నాడు, ఇరవై రెండు లక్షలు. దసరా దాకా ఆగుతాననీ, ఆ తర్వాత ఎవరో మొబైల్ షాపువాళ్లు కాసుకుని ఉన్నారనీ చెప్పాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఇరవై లక్షలు షేర్లలో పెట్టి, "ఆ గది ఎప్పుడు అమ్మకానికి వచ్చినా నీదే అమ్మా," అని రామారావుగారు ఎప్పుడో మాట ఇచ్చారు. ఇప్పుడు ఏది ఉంచాలో ఏది అమ్మాలో తేలాలంటే, ఏడేళ్ల లావాదేవీలన్నీ మొదటి నుంచీ చూసుకోవాలి. కుడికంటికి శుక్లం ఆపరేషనయింది, ఎడమది మబ్బుగా ఉంది. పుస్తకంలో తన అక్షరం తనకే అలుక్కుపోతోంది.

"చూద్దాంలే," అన్నారు. "ప్రసూనా, నువ్వేమంటావు?"

రోజూ ఆ పుస్తకం చదివి నవ్వుకునే మనిషి కాబట్టి వద్దంటుందని ఆయన అనుకున్నారు. ఆవిడ తల ఎత్తకుండా, "మారిపోండి. పాతబడింది అది," అంది.

లెక్కల మాస్టారు సాఫ్ట్‌వేరు ఎంచుకోవడం మామూలుగా ఉండదు. ఒక ఠావు తీసుకుని గళ్లు గీశారు. అడ్డంగా మూడు పేర్లు, నిలువుగా ఏడు ప్రశ్నలు. ధర ఎంత? అక్షరం పెద్దది చేసుకోవచ్చా? బ్రోకరు దగ్గర నుంచి లావాదేవీలు అదే తెచ్చుకుంటుందా, చేత్తో కొట్టాలా? వదిలేస్తే మన లెక్క మనకు తిరిగి ఇస్తుందా? ఇలాంటివి. అనంతకృష్ణ వారం రోజులు ఓపిగ్గా పక్కన కూర్చున్నాడు.

మొదటిది అమెరికాది. నెలనెలా డాలర్లు. ఏ షేరు కొన్నా, "ఇప్పుడు మీ మనసెలా ఉంది?" అని అడిగి అయిదు బొమ్మ ముఖాలు చూపించింది. రామారావుగారు అయిదింటినీ కళ్లజోడు సర్దుకుని పరిశీలించి, "వీటిల్లో నా ముఖం లేదోయ్," అన్నారు. రెండోది ఎవరో ఉచితంగా పంచిన ఎక్సెల్ పట్టీ. అందులో కూడికలో తప్పుంది. తప్పు పట్టుకున్న రోజు ఆయన చాలా ఉల్లాసంగా ఉన్నారు. మూడోది బెంగళూరులో చేసింది. బ్రోకరు ఖాతాకు తగిలించగానే గత మూడేళ్ల లావాదేవీలన్నీ అదే లాక్కుంది. లాభం వచ్చిన రోజులు పచ్చగా, నష్టం వచ్చినవి ఎర్రగా క్యాలెండరు పరిచింది. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. కారణం రాసుకోవడానికి కింద ఖాళీ గడి ఉంది.

ఆ గడి దగ్గర రామారావుగారు ఒక పరీక్ష పెట్టారు. సిమెంటు షేర్ల ఎదురుగా, "నష్టాన్ని పరిమితం చేయడానికి అమ్మాను," అని కొట్టి ల్యాప్‌టాప్ మూసేశారు. మర్నాడు ఉదయం కాఫీ కూడా తాగకుండా తెరిచి చూశారు. "నష్టాన్ని పరిమితం చేయడానికి అమ్మాను." అక్షరం పొల్లుపోలేదు. పెద్ద అక్షరాల్లో, మర్యాదగా ఉంది. ఆయన చాలాసేపు దాని వంక చూశారు. ఏడేళ్లలో తన మాట తనకు ఇలా వెనక్కి వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సభలో ఎవరో లేచి కుర్చీ ఇచ్చినట్టయింది.

"చూశారా," అన్నాడు అనంతకృష్ణ. "మనం రాసిందే ఉంటుంది. మన డబ్బు, మన కారణం, మధ్యలో దీని పెత్తనం ఏమిటి?"

బెంగళూరుదానికి ఏడాది చందా కట్టేశారు.

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ గత మూడేళ్లవే వచ్చాయి, అంతకు ముందువి రాలేదు. పాతవి చేత్తో ఎక్కించుకోవాలి.

"మూడేళ్ల వెనకటివి ఎందుకు బావగారూ? అయిపోయినవి."

"పైపులవి అప్పటివేగా."

అనంతకృష్ణ పునుగుల పొట్లం విప్పడం మొదలుపెట్టాడు. పైపుల కంపెనీ షేర్లు ఆ ఇంట్లో ఒక పాత నొప్పి. మొదట ఆరు వేలు కొన్నారు. ధర పడుతూ ఉంటే, "ఇప్పుడు ఇంకొన్ని కొంటే సగటు తగ్గుతుంది," అని అనంతకృష్ణ చెప్పగా మరో మూడువేల నాలుగొందలు చేర్చారు. పది లక్షల పైచిలుకు పెట్టింది ఇవాళ రెండు లక్షలు చేయదు. అదీ కొనేవాడుంటే. ఆ షేరు రోజు మొత్తానికి పాతికమంది కూడా ముట్టుకోరు. అవి లేకపోతే శాంభవి గది ఈపాటికి రిజిస్టరయి ఉండేది. ఆ మాట కూతురు ఏనాడూ అనలేదు, తండ్రి ఏనాడూ మరవలేదు.

అలా ఆయన పుస్తకం మొదటి నుంచి ఒక్కొక్క పేజీ చూస్తూ కొట్టడం మొదలుపెట్టారు. ఎక్కించిన పేజీ నంబరు పక్కన టిక్కు పెడుతూ వచ్చారు. రెండో రోజు టిక్కులు సరిచూస్తే నలభై ఒకటి తర్వాత నలభై నాలుగుంది. నలభై రెండు, నలభై మూడు లేవు. వెనక్కి తిప్పారు, ముందుకు తిప్పారు. చిరిగిన ఆనవాలూ లేదు. నంబరు మిషను తప్పు కొట్టిందనుకున్నారు. ఏడేళ్లలో నాగూర్ పనిలో తప్పు దొరకడం ఇదే మొదటిసారి. దాన్ని వదులుకోవడం ఆయన వల్ల కాలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కారు.

నాగూర్ అప్పుడే అన్నం తిని వచ్చి, మైదా జిగురు కలుపుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, చేతివేళ్లు మాత్రం పాతికేళ్లవాడివి.

"నా మిషను అంకె దాటేస్తుందా మాస్టారూ? ఇటివ్వండి." పుస్తకం అందుకుని నలభై ఒకటో పేజీ ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. పక్క ఆకు నలిపాడు. మళ్లీ మొదటిది నలిపాడు. "ఇది ఒక ఆకు కాదు సార్. రెండు. లోపలి ముఖాలు రెండూ అంటించేశారు."

"జిగురు ఎక్కువై అంటుకుని ఉంటుంది."

నాగూర్ నొచ్చుకున్నాడు. "నా జిగురా? నేను మైదాలో మైలుతుత్తం కలుపుతాను, పురుగు పట్టకుండా. చూడండి, దీనికి అంచున పురుగు కొట్టింది. తడిమితే పలుకులు తగులుతున్నాయి. ఇది అన్నం మెతుకులతో అంటించింది సార్. ఇంట్లో పని."

అన్నం మెతుకులతో అంటించడం ఒకప్పుడు అందరికీ తెలిసిన పనే. కవర్లు, గాలిపటాలు, క్యాలెండర్లు, అన్నీ దాంతోనే. జ్ఞానప్రసూనాంబ ఇప్పటికీ పేపర్లో వచ్చిన వంటల ముక్కలు కత్తిరించి మెతుకులతోనే నోటుబుక్కులో అంటిస్తుంది. రామారావుగారికి ఆ సంగతి ఆటోలో గుర్తొచ్చి ఉంటే బాగుండేది. నాగూర్ షాపులో, నలుగురు తిరిగే చోట, గుర్తొచ్చింది.

"విడదీయగలరా?"

నాగూర్ పక్క టీ కొట్టువాణ్ణి అడిగి, మరుగుతున్న గిన్నె ఆవిరికి ఆ ఆకును పట్టాడు. నెమ్మదిగా, ఓపిగ్గా. తర్వాత వెదురు పుల్ల దూర్చి విడదీశాడు. లోపల ఏముందో చూడకుండా పుస్తకం రామారావుగారి వైపు తిప్పి, లేచి వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

నలభై రెండో పేజీలో, 2017 సెప్టెంబరు తేదీ కింద, చేతిరాత అనంతకృష్ణది. ఆ నెల రామారావుగారు డెంగ్యూతో పదిహేను రోజులు మంచం మీద ఉన్నారు. ఓటీపీ వస్తే ప్రసూనాంబ ఫోను తెచ్చి చూపించేది, ఆయన కళ్లు మూసుకునే తల ఊపేవారు. పైపుల షేర్లు ఆరువేలు కొన్నది అప్పుడే. కారణం దగ్గర అనంతకృష్ణ ఏం రాశాడో తెలియదు. తెల్లవారాక అక్కడ ఉన్నది ఇది:

"నా దగ్గర ఆరువేలు ఇరుక్కుపోయాయి. కొనేవాడు లేడు. బావ జ్వరంలో ఉన్నాడు. నేను అమ్మకం పెట్టిన నిమిషంలోనే ఆయన ఖాతాలో కొనుగోలు పెట్టాను. అక్కకు తెలిసినా ఏమీ అనదు."

రామారావుగారు చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

ఆయనకు నలభై నాలుగో పేజీ గుర్తొచ్చింది. జ్వరం తగ్గి లేచినప్పుడు, "వాడు పుస్తకంలో రాయలేదు, మీరే రాసుకోండి," అని ప్రసూనాంబ చెప్పింది. ఆయన రాసుకున్నారు: "కంపెనీకి పెద్ద ఆర్డర్లు వస్తున్నాయని అనంతకృష్ణ చెప్పాడు." మర్నాడు ఆ వాక్యం మారలేదు. మారకపోవడం చూసి ఆర్డర్లు నిజమేనని నమ్మారు. ఆ ధైర్యంతోనే తర్వాతి మూడువేల నాలుగొందలూ కొన్నారు. పుస్తకం తప్పేమీ చేయలేదు. ఆ మాట అనంతకృష్ణ చెప్పాడన్నది నిజమే, ఆర్డర్లు వస్తున్నాయన్నది కాదు. ఫస్టియరు పిల్లవాడు ఇలాంటి తర్కం రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టే మనిషి ఆయన.

నాగూర్ లోపలికి వచ్చి, "బాగు చేయడానికి వదిలిపెడతారా మాస్టారూ?" అన్నాడు.

"వద్దు. ఇలాగే ఉండనివ్వండి."

ఇంటికి వచ్చేసరికి ప్రసూనాంబ మధ్యాహ్నం టీ పెడుతోంది. ఆయన పుస్తకం వంటింటి గట్టు మీద, నలభై రెండో పేజీ దగ్గర తెరిచి పెట్టారు. ఆవిడ చూసింది. మంట తగ్గించింది. పాలు పొంగకుండా చూసుకుంది. చేతులు తుడుచుకుంది.

"చెబితే వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వరుగా," అంది.

"ఎక్కనివ్వను."

"మరి."

"ఆరేళ్లు ప్రసూనా. ఆరేళ్లు రోజూ పొద్దున్నే నా పిరికితనం పైకి చదివి నవ్వావు. నేనూ నవ్వాను. పోనీలే, ఈ ఇంట్లో దాపరికం లేదనుకున్నాను."

"నవ్వింది నిజమేనండీ. అది నాటకం కాదు."

"మళ్లీ మూడువేల నాలుగొందలు కొంటున్నప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. పునుగులు వడ్డించావు."

ప్రసూనాంబ పొయ్యి కట్టేసింది. గ్లాసులో టీ పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగలేదు. అలా అని పక్కకు జరపనూ లేదు. అది గట్టు మీదే మీగడ కట్టింది.

మర్నాడు తొమ్మిదింటికి స్కూటరు చప్పుడైంది. బల్ల మీద ఒక పక్క ల్యాప్‌టాప్, ఒక పక్క ఎర్రట్ట పుస్తకం, మధ్యలో పెన్ను. అనంతకృష్ణ పొట్లం పట్టుకుని గుమ్మంలోనే ఆగాడు.

"రా, కూర్చో. పైపుల లావాదేవీ ఎక్కిస్తున్నాను. కారణం దగ్గర ఆగిపోయింది. కొన్నది నువ్వు గనక నువ్వే రాయి. దీన్లో రాస్తావా, దాన్లో రాస్తావా?"

అనంతకృష్ణ అక్క వంక చూశాడు. అక్క గోరుచిక్కుళ్ల వంక చూస్తోంది. అతను కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒక వేలితో, తీరిగ్గా కొట్టాడు. "బావగారి మేలు కోరి."

తెర మీద అది అలాగే నిలబడింది. అందమైన పెద్ద అక్షరాలు.

"చదివేశారన్నమాట," అన్నాడు అనంతకృష్ణ. "అప్పుడు మా పిల్లవాడి ఇంజినీరింగ్ సీటు బావగారూ. ఏడు లక్షలు. ఇంకెక్కడికి పోను?"

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా."

ముప్పై ఏళ్ల తర్వాత ఆయన మళ్లీ అతన్ని చిన్నప్పటిలా 'కదరా' అన్నది అప్పుడే.

"అడిగితే అప్పు అవుతుంది బావగారూ. తల వంచుకుని తిరగాలి. ఇదైతే వ్యాపారం."

"శాంభవి గది తెలుసు కదా నీకు? ఆ కొట్టు తెరిచిన రోజున రిబ్బను కత్తిరించింది నువ్వేగా."

అనంతకృష్ణ లేచాడు. "అక్కా..." అన్నాడు. అరవై ఏళ్ల మనిషి గొంతు నాలుగేళ్లవాడిదైపోయింది. ప్రసూనాంబ ఆ పొట్లం అందుకుని, వంటింట్లోకి వెళ్లి, స్టీలు డబ్బాలోకి మార్చి, మూత పెట్టి తెచ్చి అతని చేతికే ఇచ్చింది. "ఎండలో పాడైపోతాయి, త్వరగా తినేయ్," అంది. ఆ ఇంట్లో అతనితో ఆవిడ అన్న చివరి మాట అది.

దసరాకు రామారావుగారు పైపులవి తప్ప అన్నీ అమ్మేశారు. పదకొండు లక్షలు వచ్చాయి. పైపులవి రోజూ తొమ్మిదింబావుకు అమ్మకం పెట్టేవారు, మూడున్నరకు అలాగే వెనక్కి వచ్చేవి. శాంభవి ఓనరును బతిమాలి, గదిని నిలువుగా రెండు చేయించి, గుడివైపు సగం కొనుక్కుంది. ఎడమవైపు సగం మొబైల్ షాపువాళ్లు తీసుకున్నారు. మధ్యలో గోడ లేచింది. ఆరడుగుల వెడల్పు కొట్టులో చీర పూర్తిగా పరిచి చూపించడం కుదరదు. శాంభవి పమిట ఒకసారి, అంచు ఒకసారి చూపిస్తుంది.

"చాల్లే నాన్నా, సొంతది," అంది.

"అది పుస్తకంలో రాసి చూపించమ్మా," అన్నారాయన. శాంభవి నవ్వేసింది గానీ రాయలేదు.

చందా అయిపోయేదాకా బెంగళూరు సాఫ్ట్‌వేరు ప్రతి శనివారం ఆయన ఫోనుకు అభినందనలు పంపింది, ఈ వారం మీకు ఒక్క నష్టమూ లేదని.

2024 డిసెంబరులో ఒక ఉదయం రామారావుగారు వీలునామా రాసుకున్నారు. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, సాక్షులిద్దరుంటే చాలు. ఆయన ఎర్రట్ట పుస్తకంలో రాశారు. ప్రతి ఆస్తికీ ఎదురుగా కారణం రాశారు. అలవాటైపోయింది. సంతకాలు మాత్రం మర్నాటికి ఉంచారు, తెల్లవారాక ఏముంటుందో దాని కిందే చేయాలని. నాగూర్, కింది ఫ్లాటు డాక్టరుగారూ వచ్చారు. ఆయన మారినదంతా ఓసారి చదువుకుని, కొట్టివేతలేమీ లేకుండా సంతకం చేశారు. రెండు నెలలకు, ఫిబ్రవరిలో, ఆయన పోయారు.

భవానీపురం ఫ్లాటు, బతికున్నంతకాలం జ్ఞానప్రసూనాంబకు, ఆ తర్వాత శాంభవికి. ఇక్కడ ఆయన రాసిన కారణం "క్షమించాను" అని. తెల్లవారాక ఉన్నది, "ఇంకా క్షమించలేదు. ఆవిడ పెట్టిన కాఫీ లేనిదే నాకు పొద్దు గడవదు, ఆవిడకు పెట్టడానికో వంటిల్లుండాలి."

బ్యాంకులో మిగిలిన లక్షా నలభైవేలు శాంభవికి. "మాట ఇచ్చాను," అని రాస్తే, "మాట తప్పాను," అని ఉంది.

పైపుల కంపెనీ షేర్లు తొమ్మిదివేల నాలుగొందలూ అనంతకృష్ణకు. కారణం: "ఎవరివి వాళ్లకు చేరాలి." వీలునామా మొత్తంలో పుస్తకం ముట్టుకోకుండా వదిలిన వాక్యం అదొక్కటే. అనంతకృష్ణ కాగితాల మీద సంతకం పెట్టి తీసుకున్నాడు. రోజూ తొమ్మిదింబావుకు అమ్మకం పెడుతున్నాడట.

నాగూర్‌కు ఏమీ రాలేదు. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో వాటా చెల్లదని తాను విన్నట్టు డాక్టరుగారు చెబితే, "నేనేం అడిగాను సార్," అని సంచి భుజాన వేసుకున్నాడు.

ఎర్రట్ట పుస్తకం, అందులో మిగిలిన డెబ్బై ఖాళీ పేజీలతో సహా, జ్ఞానప్రసూనాంబకు వచ్చింది. నెలమాసికం అయిన సాయంత్రం ఆవిడ బాల్కనీలో కూర్చుని అందులో ఒకే ఒక వాక్యం రాసింది. ఆయన గురించీ తన గురించీ అని మాత్రం శాంభవికి చెప్పింది. మర్నాడు పొద్దున శాంభవి కాఫీ గ్లాసు తెచ్చేసరికి ఆవిడ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చిన్న గిన్నెలోంచి అన్నం మెతుకులు తీసి, వేలితో మెదిపి, ఆ పేజీని ఎదుటి పేజీకి అంచులు కలిపి అంటిస్తోంది. ఆ వాక్యం నిలిచిందో మారిందో తెలుసుకునే హక్కు ఎవరికీ రాలేదు.